సబ్బు చెట్టు బెరడు, టీబీ టీకా: మొక్కల నుంచి వచ్చే 'అడ్జువెంట్' అంటే ఏమిటి? ఎందుకంత ముఖ్యం?

కుంకుడుకాయ నలిపితే నురగ వస్తుందని మన ఇళ్లల్లో తెలియని వాళ్లుండరు. ఉర్దూలో రీఠా అంటారు. షాంపూలు రాకముందు తలంటు అంటే కుంకుడుకాయ, లేదంటే సీకాయ. ఆ నురగకు కారణం వాటిలో ఉండే 'సాపోనిన్' అనే పదార్థాలు. సబ్బులాగే ఇవి కూడా నీటినీ నూనెనీ కలుపుతాయి.

దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో కూడా ఇలాంటి చెట్టు ఒకటుంది. పేరు కిల్లాయా సపొనేరియా. వాడుకలో సబ్బు చెట్టు. అక్కడి మపూచే ఆదివాసీలు దాని బెరడును నీళ్లలో నానబెట్టి బట్టలు ఉతుక్కునేవాళ్లు, తల స్నానానికి వాడేవాళ్లు. ఆ బెరడులోంచి తీసిన ఒక సాపోనిన్ ఇప్పుడు టీబీ టీకా ప్రయోగంలో ఉంది. ఆఫ్రికా, ఆసియా దేశాల్లో దాదాపు 20 వేల మందితో ఆ ట్రయల్ నడుస్తోంది. అది గెలిస్తే, బీసీజీ వచ్చిన వందేళ్ల తర్వాత పెద్దవాళ్లను టీబీ నుంచి కాపాడే టీకా దొరికినట్టు.

టీకాలో చెట్టు బెరడుకు ఏం పని? అది ఎలా పనిచేస్తుంది, ఎంత వరకు రుజువైంది, మన దాకా రావడానికి అడ్డేమిటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

అడ్జువెంట్ అంటే

టీకాలో అసలు సరుకు 'యాంటిజెన్'. అంటే రోగకారక క్రిమిలోని ఒక ముక్క, లేదా చంపేసిన, బలహీనపరచిన క్రిమి. దాన్ని చూసి శరీరం ఆ శత్రువును గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత అసలు క్రిమి వచ్చినప్పుడు వెంటనే ఎదుర్కొంటుంది.

పాతకాలం టీకాల్లో క్రిమి మొత్తం ఉండేది కాబట్టి శరీరం గట్టిగానే స్పందించేది. ఇప్పటి టీకాల్లో చాలావాటిలో శుద్ధి చేసిన ఒకటి రెండు ప్రొటీన్లే ఉంటాయి. వీటితో దుష్ప్రభావాలు తక్కువ. కానీ చిక్కు కూడా అక్కడే ఉంది. ఒంటరిగా వచ్చిన చిన్న ప్రొటీన్ ముక్కను రోగనిరోధక వ్యవస్థ పెద్దగా పట్టించుకోదు.

అప్పుడు కావాల్సింది దండోరా వేసేవాడు. ఊళ్లోకి కొత్త మనిషి వచ్చాడని నలుగురినీ పిలిచి చెప్పేవాడు. టీకాలో ఆ పని చేసేదే అడ్జువెంట్. లాటిన్ భాషలో 'సాయం చేయడం' అనే మాట నుంచి ఈ పేరు వచ్చింది. అడ్జువెంట్ ఒక్కటే ఇస్తే ఏ రోగం నుంచీ రక్షణ రాదు. కూరలో ఉప్పు లాంటిది. కూర లేకుండా ఉప్పు తినలేం, ఉప్పు లేకపోతే కూర రుచించదు.

మొదట్లోనే మొక్కలు: గుర్రాలు, కర్రపెండలం

మొక్కల పదార్థాలను టీకాలో కలపడం కొత్త ఆలోచన కాదు. అడ్జువెంట్ల చరిత్ర మొదలైందే అక్కడ, అదీ బ్యాక్టీరియా రోగాల టీకాలతోనే.

1920లలో డిఫ్తీరియా అంటే పిల్లల పాలిట యముడు. మన దగ్గర కంఠసర్పి అంటారు. దానికి విరుగుడు సీరమ్‌ను గుర్రాల రక్తం నుంచి తయారు చేసేవాళ్లు. ఫ్రాన్స్‌లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన పశువైద్యుడు గాస్టన్ రామోన్ ఒక విషయం గమనించారు. ఇంజెక్షన్ ఇచ్చిన చోట చీము పట్టి వాచిన గుర్రాల రక్తంలో విరుగుడు ఎక్కువగా తయారవుతోంది. అంటే ఆ వాపే సాయం చేస్తోందన్నమాట.

మరి ఆ వాపును కావాలనే తెప్పిస్తే? రామోన్ టీకాలో రకరకాల వస్తువులు కలిపి చూశారు. కర్రపెండలం నుంచి తీసే టాపియోకా, పిండి పదార్థాలు, సముద్రపు నాచు నుంచి వచ్చే అగార్, రొట్టె పొడి, సాపోనిన్ కూడా వాటిలో ఉన్నాయి. 1925లో ఆయన ఫలితాలు బయటకొచ్చాయి. ఉపవాసం రోజున, పండగ ఖీర్‌లో మనం వాడే సగ్గుబియ్యం (సాబుదానా) కూడా ఈ టాపియోకా పిండితో చేసేదే.

పటిక రాజ్యం

ఆ మరుసటి ఏడాది, 1926లో, బ్రిటన్‌కు చెందిన అలెగ్జాండర్ గ్లెన్నీ బృందం మరో దారి చూపింది. డిఫ్తీరియా టాక్సాయిడ్‌ను పటికతో కలిపితే స్పందన బాగా పెరిగింది. పటిక అంటే మంగలి షాపులో గడ్డం గీశాక రాసే పటికే, ఉర్దూలో ఫిట్‌కరీ. అది అల్యూమినియం లవణం. చవక, దొరకడం తేలిక, ప్రతి బ్యాచ్ ఒకేలా ఉంటుంది. ఇంకేం కావాలి? మొక్కల పదార్థాలు పక్కకు పోయాయి.

ఆ తర్వాత సుమారు 70 ఏళ్లు మనుషుల టీకాల్లో అనుమతి ఉన్న అడ్జువెంట్ అంటే అల్యూమినియం లవణాలే. 1997లో ఇటలీలో ఫ్లూ టీకాకు ఎంఎఫ్59 అనే కొత్త అడ్జువెంట్ వచ్చేదాకా ఇదే పరిస్థితి. ఇప్పటికీ మన పిల్లలకు వేసే పెంటావలెంట్ టీకాలో డిఫ్తీరియా, ధనుర్వాతం, కోరింత దగ్గు భాగాలకు తోడుగా ఉండేది అల్యూమినియం లవణమే. దాని భద్రతకు దశాబ్దాల అనుభవం ఉంది.

మరి పటిక ఎక్కడ సరిపోలేదు?

శరీరానికి రెండు రకాల ఆయుధాలున్నాయి. ఒకటి యాంటీబాడీలు. ఇవి రక్తంలో తిరుగుతూ బయట దొరికిన క్రిమినీ, దాని విషాన్నీ పట్టుకుంటాయి. రెండోది టీ-కణాలు. క్రిమి మన కణం లోపల దాక్కుంటే యాంటీబాడీ అక్కడికి చేరలేదు. అప్పుడు టీ-కణాలే దిక్కు.

పటిక ప్రధానంగా యాంటీబాడీలను పెంచుతుంది. డిఫ్తీరియా, ధనుర్వాతాల్లో అసలు హాని చేసేది బ్యాక్టీరియా వదిలే విషం కాబట్టి అక్కడ అది చాలు. టీబీ సంగతి వేరు. ఆ బ్యాక్టీరియా మన రక్షణ కణాల్లోనే, అంటే దాన్ని మింగేయాల్సిన మాక్రోఫేజ్ కణాల్లోనే కాపురం పెడుతుంది. దొంగ పోలీస్ స్టేషన్‌లోనే మకాం వేసినట్టు. ఇక్కడ టీ-కణాలను గట్టిగా లేపగలిగే అడ్జువెంట్ కావాలి.

ఉన్న ఒక్క టీబీ టీకా బీసీజీ. మొదటిసారి మనిషికి ఇచ్చింది 1921లో, పారిస్‌లో. చిన్నపిల్లల్లో మెదడు టీబీ లాంటి ప్రాణాంతక రూపాలను అది బాగా అడ్డుకుంటుంది. అందుకే పుట్టిన వెంటనే వేస్తారు. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల టీబీ విషయంలో మాత్రం దాని రక్షణ నమ్మదగ్గది కాదు.

ఈ సంగతి తేల్చడంలో దక్షిణ భారతదేశానికి పెద్ద పాత్ర ఉంది. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం టీబీ శానిటోరియం వైద్యులు 1950లోనే చుట్టుపక్కల పల్లెల్లో బీసీజీపై అధ్యయనం మొదలుపెట్టారు. తర్వాత 1968లో తమిళనాడులోని చెంగల్పట్టు జిల్లాలో రెండున్నర లక్షలకు పైగా జనంతో భారీ ట్రయల్ జరిగింది. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల టీబీని బీసీజీ అక్కడ అడ్డుకోలేదని తేలింది. ఆ ఫలితం ప్రపంచాన్నే కలవరపెట్టింది.

ఆ లోటు ఇప్పటికీ తీరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో ప్రపంచంలో 1 కోటి 8 లక్షల మందికి టీబీ వచ్చింది. 12 లక్షల 50 వేల మంది చనిపోయారు. మొత్తం కేసుల్లో సుమారు 26 శాతం మన దేశానివే. ఇరుకు గదులు, గాలి ఆడని ఇళ్లు, పోషకాహారం లేని ఒళ్లు ఉన్నచోట ఈ జబ్బు వదలదు. పాతబస్తీ గల్లీల్లోనైనా, కూలీల క్యాంపుల్లోనైనా కథ ఒకటే.

సబ్బు చెట్టు రంగంలోకి

సాపోనిన్ టీకాకు బలమిస్తుందని రామోన్ కాలం నుంచే తెలుసు. పశువుల గాలికుంటు వ్యాధి టీకాలో దాన్ని వాడారు కూడా. కానీ బెరడు నుంచి వచ్చే సాపోనిన్ ఒక్కో సరుకు ఒక్కో రకంగా ఉండేది. ఒకదాంట్లో పనితనం ఎక్కువ, ఇంకోదాంట్లో విషం ఎక్కువ.

1974లో డెన్మార్క్ శాస్త్రవేత్త క్రిస్టియన్ డాల్స్‌గార్డ్ కిల్లాయా బెరడు సారాన్ని శుద్ధి చేసి 'క్విల్-ఏ' తయారు చేశారు. పశువైద్యంలో అది బాగా నిలబడింది. అయినా అదీ చాలా సాపోనిన్ల కలగలుపే, మనుషులకు ఘాటు ఎక్కువ. 1991లో అమెరికాలో షార్లట్ కెన్సిల్ బృందం ఆ కలగలుపును ఒక్కొక్కటిగా విడదీసింది. అలా వేరుచేసిన వాటిలో పనితనం బాగుండి, విషగుణం తక్కువగా ఉన్నది 21వ నంబరుది. దానికి క్యూఎస్-21 అని పేరు స్థిరపడింది. క్యూఎస్ అంటే చెట్టు పేరులోని పొడి అక్షరాలు.

ఇంకో సమస్య మిగిలింది. కుంకుడు రసం కంట్లో పడితే ఎంత మండుతుందో పిల్లలనడిగితే చెబుతారు. సాపోనిన్లు కణాల చుట్టూ ఉండే కొవ్వు పొరను చెడగొడతాయి, ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. నేరుగా క్యూఎస్-21 ఇస్తే ఇంజెక్షన్ చోట నొప్పి, కణాల నష్టం ఎక్కువ.

దీనికి దొరికిన ఉపాయం కొలెస్ట్రాల్. కొవ్వుతో చేసిన అతి సూక్ష్మమైన బుడగల్లో కొలెస్ట్రాల్ కలిపి, అందులో క్యూఎస్-21ను కూర్చోబెడితే అది కొలెస్ట్రాల్‌ను పట్టుకుని ఉంటుంది. కణాలను పగలగొట్టే గుణం అణుగుతుంది, రోగనిరోధక శక్తిని లేపే గుణం మిగులుతుంది. ఈ బుడగలను లైపోజోమ్‌లు అంటారు. జీఎస్‌కే కంపెనీ తయారుచేసే ఏఎస్01 అడ్జువెంట్ ఇదే. ఇందులో క్యూఎస్-21తో పాటు ఎంపీఎల్ అనే మరో పదార్థం కూడా ఉంటుంది. అది సాల్మొనెల్లా బ్యాక్టీరియా పైపొర నుంచి తీసి, విషం తగ్గించినది. అంటే ఏఎస్01 పూర్తిగా మొక్కల సరుకేం కాదు. ఒక పాలు చెట్టుది, ఇంకో పాలు బ్యాక్టీరియాది. రెండూ కలిస్తేనే పూర్తి ఫలితం.

ఒంట్లో ఏం జరుగుతుంది?

చేతికి ఇంజెక్షన్ వేశాక కొన్ని గంటల్లోనే అడ్జువెంట్ దగ్గర్లోని శోషరస గ్రంథికి చేరుతుంది. చంకలో ఉండే గ్రంథులు అన్నమాట. అక్కడ కాపలా ఉన్న కణాలు ప్రమాద సంకేతాలు పంపుతాయి. ఇంకొన్ని తెల్ల రక్తకణాలు ఇంటర్‌ఫెరాన్-గామా అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. డెండ్రైటిక్ కణాలు యాంటిజెన్ ముక్కను పట్టుకుని టీ-కణాలకు చూపిస్తాయి. వీడే శత్రువు, గుర్తుపెట్టుకో అని నేర్పించడమన్నమాట.

ఈ హడావుడి రెండు మూడు రోజుల్లో సద్దుమణుగుతుంది. చేయి నొప్పి, జ్వరం, ఒళ్లు నొప్పులు వచ్చేది ఈ రోజుల్లోనే. తర్వాత మిగిలేది జ్ఞాపకం ఉన్న టీ-కణాలు, యాంటీబాడీలు.

ఇప్పటికే వాడుకలో ఉన్నవి

కిల్లాయా సాపోనిన్లు ఇప్పటికే అనుమతి పొందిన టీకాల్లో ఉన్నాయి. అయితే ఈ జాబితా జాగ్రత్తగా చూడాలి.

• షింగ్రిక్స్: సర్పికి టీకా. అమెరికాలో 2017లో అనుమతి వచ్చింది. 2023లో మన దేశంలోనూ 50 ఏళ్లు దాటినవాళ్ల కోసం విడుదలైంది. సర్పి వైరస్ వల్ల వస్తుంది.

• ఆర్‌టీఎస్,ఎస్: మలేరియా టీకా. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. మలేరియాకు కారణం పరాన్నజీవి.

• ఆర్21: ఇదీ మలేరియా టీకానే. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం రూపొందించింది, పుణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారు చేస్తోంది. ఇందులో ఉన్నది నోవావాక్స్ కంపెనీ అడ్జువెంట్ మ్యాట్రిక్స్-ఎం. దానికీ మూలం అదే చెట్టు.

• నోవావాక్స్ కోవిడ్ టీకా: మన దేశంలో కోవొవాక్స్ పేరుతో వచ్చింది. ఇదీ మ్యాట్రిక్స్-ఎం తోనే.

వైరస్, పరాన్నజీవి, మళ్లీ వైరస్. ఈ వరుసలో బ్యాక్టీరియా టీకా ఒక్కటీ లేదు. ఆ ఖాళీని నింపడానికి ముందున్నదే టీబీ టీకా ఎం72.

ఎం72: 13, 26 అనే రెండు అంకెలు

ఎం72లో టీబీ బ్యాక్టీరియాకు చెందిన రెండు ప్రొటీన్లను కలిపి ఒకటిగా చేశారు. దానికి తోడు ఏఎస్01 అడ్జువెంట్. నెల తేడాతో రెండు డోసులు. యూరప్‌లో పెద్దవాళ్లపై జరిగిన ఓ ట్రయల్‌లో ఇదే ప్రొటీన్‌ను ఉత్త సెలైన్‌లో కలిపి కూడా ఇచ్చి చూశారు. అడ్జువెంట్ ఉన్నప్పుడే టీ-కణాల స్పందన బలంగా వచ్చింది.

అసలు పరీక్ష ఆఫ్రికాలో జరిగింది. దక్షిణాఫ్రికా, కెన్యా, జాంబియా దేశాల్లో 18 నుంచి 50 ఏళ్ల వయసున్న సుమారు 3,500 మంది పాల్గొన్నారు. వీళ్లందరి ఒంట్లో టీబీ బ్యాక్టీరియా నిద్రాణంగా ఉంది కానీ జబ్బు లేదు. సగం మందికి టీకా, సగం మందికి డమ్మీ ఇంజెక్షన్. మూడేళ్లు గమనించారు. టీకా వేసుకున్న వర్గంలో 13 మందికి ఊపిరితిత్తుల టీబీ వచ్చింది. డమ్మీ తీసుకున్న వర్గంలో 26 మందికి. అంటే దాదాపు 50 శాతం రక్షణ. పూర్తి ఫలితాలు 2019లో ప్రచురించారు.

సగం రక్షణ అంటే తక్కువ అనిపించొచ్చు. కానీ పెద్దవాళ్లకు పనికొచ్చే టీకాయే లేని జబ్బులో సగం అంటే చిన్న మాట కాదు. అదే సమయంలో ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. 13, 26 చాలా చిన్న సంఖ్యలు. గణాంకాల లెక్కన అసలు రక్షణ 2 శాతం నుంచి 74 శాతం మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చు. అందుకే పెద్ద ట్రయల్ తప్పనిసరి.

ఆ పెద్ద ట్రయల్ మొదలవడానికి ఏళ్లు పట్టింది. 2020లో జీఎస్‌కే ఈ టీకా హక్కులను గేట్స్ మెడికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కు ఇచ్చింది, అడ్జువెంట్ తయారీ మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. 2023లో గేట్స్ ఫౌండేషన్, వెల్‌కమ్ సంస్థలు కలిసి 55 కోట్ల డాలర్లు ప్రకటించాయి. 2024 మార్చిలో దక్షిణాఫ్రికాలో మొదటి డోసు పడింది. ఇప్పుడు దక్షిణాఫ్రికా, కెన్యా, జాంబియా, మలావి, ఇండోనేషియాల్లో ట్రయల్ నడుస్తోంది. ఈ జాబితాలో మన దేశం లేదు.

డబ్బున్న దేశాలు కొనే సర్పి టీకాకు అదే అడ్జువెంట్ వాడి, పేదల జబ్బైన టీబీని కంపెనీ వెనక్కి నెట్టిందన్న విమర్శ అమెరికా పత్రికల్లో వచ్చింది. కంపెనీ తన నిర్ణయాన్ని సమర్థించుకుంది. ఎవరి వాదన ఏదైనా, దీని వెనుక ఒక లెక్క ఉంది.

చెట్టు ఒకటి, గిరాకీ ఎన్నింటికో

ఎం72 ఒక్కో డోసులో ఉండే క్యూఎస్-21 కేవలం 25 మైక్రోగ్రాములు. గ్రాములో 40 వేలో వంతు. రెండు డోసులకు 50 మైక్రోగ్రాములు. అంటే 1 గ్రాముతో 20 వేల మందికి సరిపోతుంది. కోటి మందికి అర కిలో చాలు.

వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. కానీ అది శుద్ధి చేసిన అర కిలో. బెరడులో వంద రకాలకు పైగా సాపోనిన్ల మధ్య కలిసిపోయి ఉండే ఒక్కదాన్ని మందు నాణ్యతతో వేరుచేయడం చాలా కష్టం, చాలా ఖర్చు. చెట్టు పెరిగేది ప్రధానంగా చిలీ అడవుల్లో. బెరడు ఇచ్చేంతగా ఎదగడానికి ఏళ్లు పడుతుంది, మొత్తం ఒలిచేస్తే చెట్టు చచ్చిపోతుంది. పైగా ఇదే చెట్టు సారాన్ని శీతల పానీయాల్లో నురగ కోసం కూడా వాడతారు.

ఇక్కడే మన హైదరాబాద్‌కు సంబంధం ఉంది. మలేరియా టీకా ఆర్‌టీఎస్,ఎస్ తయారీని 2021లో జీఎస్‌కే, పాథ్ సంస్థలు హైదరాబాద్ కేంద్రంగా ఉన్న భారత్ బయోటెక్‌కు అప్పగించేలా ఒప్పందం చేసుకున్నాయి. టీకాలోని ప్రొటీన్ భాగం భారత్ బయోటెక్ చేస్తుంది. అడ్జువెంట్ మాత్రం జీఎస్‌కే నుంచే రావాలి. ప్రొటీన్ చేయగల కంపెనీలు మన దగ్గర ఉన్నా, తాళంచెవి అడ్జువెంట్ చేతిలో ఉందని దీంతో అర్థమవుతుంది. రేపు టీబీ టీకా వచ్చినా ఇదే ప్రశ్న ఎదురవుతుంది.

అందుకే చెట్టు మీద ఆధారపడకుండా క్యూఎస్-21 చేసే దారులు వెతుకుతున్నారు.

• రసాయన పద్ధతి: 2006లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జిన్ బృందం ల్యాబ్‌లో మొత్తంగా తయారు చేసింది. కానీ మెట్లు చాలా ఎక్కువ, పెద్ద ఎత్తున చేయడం కష్టం.

• చెట్టు కణాల పెంపకం: చెట్టు నరకకుండా దాని కణాలను ట్యాంకుల్లో పెంచి తీయడం. దీని మీద కంపెనీలు పనిచేస్తున్నాయి.

• పొగాకు జాతి మొక్క: బ్రిటన్‌లోని జాన్ ఇన్స్ సెంటర్‌లో ఆన్ ఆస్బర్న్ బృందం చెట్టులో క్యూఎస్-21 తయారయ్యే దారిని గుర్తించి, ఆ జన్యువులను పొగాకు జాతి మొక్కలో పెట్టి చూపించింది.

• ఈస్ట్: 2024లో కాలిఫోర్నియాలో జే కీస్లింగ్ బృందం రొట్టెలు పొంగించే ఈస్ట్‌లోనే క్యూఎస్-21ను మొత్తంగా తయారు చేయించింది. ఇందుకు బయటి నుంచి 38 ఎంజైములను అందులోకి ఎక్కించాల్సి వచ్చింది.

ఈస్ట్ దారి ఆశ కలిగిస్తోంది. కానీ అక్కడ వచ్చింది లీటరుకు సుమారు 100 మైక్రోగ్రాములే. శుద్ధిలో ఏమీ పోలేదనుకున్నా లీటరుకు నాలుగు డోసులు. ఫ్యాక్టరీ లెక్కకు రావాలంటే ఇది ఎన్నో రెట్లు పెరగాలి.

మన మొక్కల సంగతేంటి?

మన దేశంలోనూ ప్రయత్నాలు జరిగాయి. పుణే పరిశోధకులు అశ్వగంధ (పెన్నేరు గడ్డ), శతావరి సారాలను డీపీటీ టీకా వేసిన ఎలుకలకు ఇచ్చి, తర్వాత కోరింత దగ్గు బ్యాక్టీరియాను ఎక్కించి చూశారు. సారం తీసుకున్న ఎలుకల్లో రక్షణ మెరుగ్గా కనిపించింది. ఈ ఫలితాలు 2004లో వచ్చాయి.

ఇనులిన్ ఇంకొకటి. డాలియా, చికోరీ లాంటి మొక్కల దుంపల్లో, వేర్లలో నిల్వ ఉండే పిండి లాంటి పదార్థం ఇది. ఆస్ట్రేలియాలో నికొలాయ్ పెట్రోవ్‌స్కీ బృందం దాన్నుంచి 'అడ్వాక్స్' అనే అడ్జువెంట్ చేసింది. దీనితో చేసిన కోవిడ్ టీకాకు 2021లో ఇరాన్ అత్యవసర అనుమతి ఇచ్చింది. టీబీ ప్రొటీన్లతో కలిపి ఎలుకల్లోనూ పరీక్షించారు.

ఇవన్నీ ఆసక్తికరమే. కానీ ఎలుక నుంచి మనిషికి దూరం ఎక్కువ. అశ్వగంధ సారంలో ఏ పదార్థం పనిచేసింది, ప్రతి బ్యాచ్‌లో అది ఒకేలా ఉంటుందా, మనిషికి ఎంత మోతాదు సురక్షితం అనేవి తేలితే తప్ప అది అడ్జువెంట్ అవదు. కిల్లాయా విషయంలో రామోన్ నుంచి షింగ్రిక్స్ దాకా 90 ఏళ్లు పట్టింది.

తరచుగా వచ్చే ప్రశ్నలు

*టీకా వేసుకునేటప్పుడు కుంకుడు రసమో, అశ్వగంధ పొడో తీసుకుంటే టీకా బాగా పనిచేస్తుందా?*
లేదు. అడ్జువెంట్ యాంటిజెన్‌తో కలిసి, మైక్రోగ్రాముల లెక్కన, కండరంలోకి వెళ్తేనే పని. మొక్కల నుంచి వచ్చింది కదా, హాని ఏముంటుంది అనుకోవడం కూడా తప్పే. కుంకుడు సాపోనిన్లు కడుపులోకి వెళ్తే వాంతులు, విరేచనాలు అవుతాయి. చెట్టులో ఉన్నంతసేపు క్యూఎస్-21 కూడా విష గుణమున్న పదార్థమే. దాన్ని మందుగా మార్చింది శుద్ధి, కొలత.

*టీబీకి మందులున్నాయి కదా, టీకా ఎందుకు?*
మందులు కనీసం నెలల తరబడి వాడాలి. మధ్యలో ఆపితే మందులకు లొంగని టీబీ తయారవుతుంది. బ్యాక్టీరియాపై యాంటీబయాటిక్స్ పనిచేయడం తగ్గుతున్న కొద్దీ టీకా విలువ పెరుగుతుంది.

*అన్ని బ్యాక్టీరియా టీకాలకూ ఇలాంటి అడ్జువెంట్ కావాలా?*
అక్కర్లేదు. భారత్ బయోటెక్ చేసే టైఫాయిడ్ టీకా టైప్‌బార్-టీసీవీలో అడ్జువెంట్ లేదు. బ్యాక్టీరియా పైపొర చక్కెరను ధనుర్వాతం టాక్సాయిడ్ ప్రొటీన్‌కు అతికించి చేస్తారు. 2016లో పాకిస్తాన్‌లోని సింధ్ హైదరాబాద్‌లో మందులకు లొంగని టైఫాయిడ్ ప్రబలినప్పుడు, అక్కడి పిల్లలకు వేసింది మన హైదరాబాద్ కంపెనీ చేసిన ఈ టీకానే. రోగాన్ని బట్టి దారి మారుతుంది.

*ఈ అడ్జువెంట్‌తో దుష్ప్రభావాలు?*
చేయి నొప్పి, ఎరుపు, జ్వరం, ఒళ్లు నొప్పులు, అలసట పటిక టీకాల కంటే ఎక్కువగా కనిపిస్తాయి. చాలామందికి రెండు మూడు రోజుల్లో తగ్గుతాయి. ఎం72 ఆఫ్రికా ట్రయల్‌లో తీవ్రమైన ఆరోగ్య సమస్యలు టీకా వర్గంలో, డమ్మీ వర్గంలో దాదాపు సమానంగానే ఉన్నాయి.

*కొత్త టీకా వస్తుందని బీసీజీ ఆపేయొచ్చా?*
ఆపకూడదు. ఎం72 పరీక్షిస్తున్నది పెద్దవాళ్ల కోసం, కౌమారంలో ఉన్నవాళ్ల కోసం. పసిపిల్లలకు బీసీజీయే రక్ష.

ఇప్పుడు చేతిలో ఉన్నది

పెద్ద ట్రయల్‌లో తగినంత మందికి టీబీ కేసులు నమోదయ్యాకే లెక్క తేలుతుంది. కాబట్టి టీకా రేపే రాదు. వచ్చాక కూడా ఎవరికి ముందు, ఎంత ధరకు, ఎన్ని డోసులు అన్నది అడ్జువెంట్ సరఫరాను బట్టే ఉంటుంది. ప్రపంచంలోని టీబీ రోగుల్లో నాలుగో వంతు ఉన్న దేశంగా ఆ ప్రశ్న ఇప్పటి నుంచే అడగాల్సింది మనమే. ప్రొటీన్ తయారీతో పాటు అడ్జువెంట్ తయారీ కూడా ఇక్కడికి రావాలన్న మాట టీకా వచ్చాక అంటే ఆలస్యమవుతుంది.

అప్పటిదాకా ఉన్న ఆయుధాలు పాతవే, కానీ పనిచేసేవే. రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, తెమడలో రక్తం కనిపిస్తే దగ్గర్లోని బస్తీ దవాఖానా, ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లాలి. తెమడ పరీక్ష, మందులు ఉచితం. చికిత్స కాలంలో పోషకాహారం కోసం నిక్షయ్ పోషణ్ పథకం కింద నెలకు 1,000 రూపాయలు రోగి ఖాతాలో పడతాయి. ఇంట్లో ఒకరికి టీబీ ఉంటే మిగతా వాళ్లందరూ, ముఖ్యంగా పిల్లలు, పరీక్ష చేయించుకోవాలి. మందుల కోర్సు పూర్తయ్యేదాకా ఒక్క రోజు కూడా ఆపకూడదు.